నాలుగో షిఫ్టు కాక

మార్గశిరం వచ్చి పది రోజులైంది. ఇవాళ పొద్దున పొగమంచు విడిచాక, పప్పులోకి సొరకాయ కోద్దామని ప్రహరీ గోడ దగ్గరికి వెళ్ళాను. తీగకు మిగిలిన చివరి కాయ అది. కత్తి ఆనించబోయి ఆగి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి పెట్టాను. మందుల దుకాణానికి బయలుదేరుతున్న మా ఆయన చూసి, "లోపల ఎవరైనా ఉన్నారేమోనని తలుపు కొడుతున్నావా?" అన్నారు. నవ్వాను. కాయ పచ్చిగానే పలికింది గానీ కోయబుద్ధి కాలేదు. పప్పులోకి టమాటాలు వేశాను.

అలా కొట్టి వినడం నాకు నేర్పిన మనిషి కిందటి వైశాఖంలో వెళ్ళిపోయారు. మా గల్లీ మొత్తానికి ఆయన కాక. మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే గోడను పంచుకున్నాయి. ఆ గోడను నాకిచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

నేను గోదావరి సముద్రంలో కలిసే వైపు నుంచి వచ్చినదాన్ని. బడికి వెళ్ళలేదు. మా నాయనమ్మ పళ్ళెంలో బియ్యం పరిచి అక్షరాలు దిద్దించింది. ముగ్గులూ, దీపం వత్తులూ, స్తోత్రాలూ ఆవిడ దగ్గరే వచ్చాయి. మా ఆయన గోదావరిఖనిలో దుకాణం పెట్టి నన్ను తీసుకొచ్చినప్పుడు, ఈ ఊళ్ళో కూడా అదే గోదావరి ఉందన్న ఒక్క మాట పట్టుకుని రైలెక్కాను. సామాను దించిన మర్నాడు పక్కింటి పెద్దాయన పలకరించడానికి వచ్చారు. వచ్చి కూర్చోలేదు, నా వైపు చూడలేదు. తలెత్తి మా పైకప్పు చూశారు. ఎవరింటికి వెళ్ళినా ఆయన అంతే. ముందు పైకప్పుతో పరిచయం, తర్వాతే మనుషులతో.

ఆయన గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. బొగ్గు తీసిన చోట పైనున్న రాయి కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆ ఉద్యోగం. దుంగ పెట్టే ముందు ఇనుప సలాకతో పైకప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే లోపల పొర విడినట్టు. పనిముట్లు అక్కడే వదిలేసి ఉరకాలి. ముప్పై ఏళ్ళు అలా విన్న చెవి ఇంటికొచ్చాక ఊరుకోదు కదా. చేతికర్రతో గుడి మండపం కొట్టేవారు, పెళ్ళికి పోతే ఫంక్షన్ హాలు స్తంభం కొట్టేవారు.

ఆ రోజు మా వంటింట్లో ఎత్తుపీట ఎక్కి స్లాబు కొట్టారు. మళ్ళీ కొట్టారు. ముఖం మారిపోయింది.

"బిడ్డా, పాలగిన్నె దించు. బయటికి నడువు."

"ఏమైందండీ బాబాయిగారూ?"

"నడువమన్న! ముచ్చట బయట."

నేను పాలగిన్నెతో, ఆయన నా దేవుడి పటాలతో వాకిట్లోకి వచ్చేశాం. ఆ తర్వాత ఆవకాయ జాడీ, గ్యాస్ పొయ్యి కూడా ఆయనే మోసుకొచ్చారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన, వాకిట్లో దేవుళ్ళ మధ్య పప్పు కలుపుతున్న నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "నిన్ననేగా దిగాం, అప్పుడే ఖాళీ చేస్తున్నామా?"

"స్లాబు డొల్లగున్నది సారూ," అన్నారు కాక.

"పైన సున్నం కొంచెం పొంగి ఉంటుందండీ. ఇల్లు గట్టిదే."

"గట్టిదని నువ్వు జూసినవా, ఇన్నవా?"

మా ఆయన వాకిట్లోనే భోజనానికి కూర్చున్నారు. సాయంత్రానికి కాక ఎక్కడి నుంచో తుమ్మ దుంగ తెచ్చి, కొలిచి కోసి, వంటింటి నడిమధ్యన నిలబెట్టి, పైన చెక్క ముక్కలు బిగించి సుత్తితో కొట్టారు. తర్వాత దాన్ని అరచేత్తో తట్టి, "ఇగ బేఫికర్‌గ వండుకో," అన్నారు. ఆ స్లాబు ఈ రోజు వరకూ పడలేదు. అది దుంగ వల్లనో దైవం వల్లనో నాకు తెలియదు. రెండింటికీ దండం పెడతాను. వచ్చిన శుక్రవారం గడపకు పసుపు రాస్తూ రాస్తూ దుంగకూ రాసి కుంకుమ బొట్టు పెట్టాను. కాక వచ్చి ఆ బొట్టు పక్కన అరచెయ్యి ఆనించారు.

"గనిల ఎన్ని దుంగలు నిలవెట్టిన్నో లెక్క లేదు బిడ్డా. ఒక్కదానికి గూడ బొట్టు వెట్టినోళ్లు లేరు."

"దేని కింద బతుకుతున్నామో దానికి పెట్టుకుంటాం కదండీ బాబాయిగారూ."

"గీ బాబాయిగారు ఎవ్వలు? గాయిన ఎవ్వలో నాకు ఎరుక లేదు. కాక అను."

ఆ పూట నుంచి ఆయన కాక, ఆయన భార్య చిన్నమ్మ.

చిన్నమ్మ నన్ను ఏదైనా అడగడం ఒక్కసారే జరిగింది. అయిదేళ్ళ కిందట కార్తీకం చివర్లో తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కాక నిలబెట్టిన ఆ దుంగకే ఆనుకుని నిలబడింది.

"మీ కాక మాట ఇంటలేడు బిడ్డా. పెద్ద డాక్టర్ ఏమన్నడో ఎరికేనా? ఛాతీల ఊపిరి సగమే మిగిలిందట. ఈ సలికాలం మంచుల తిరిగితే ఉగాది సూడడన్నడు. ఈయిన ఏమో సైరన్ గూయంగనే లేసి గేటు కాడికి ఉరుకుతడు. నా తోని గాదు. నీ మాట ఇంటడు, నువ్వే ఎట్లన్న జేసి ఇంట్ల కూసుండవెట్టు."

విషయం నాకూ తెలుసు. మొదటి షిఫ్టు సైరన్ మోగగానే గోడ అవతల మంచం కిర్రుమనేది. తర్వాత దగ్గు. తర్వాత బూట్లు. రిటైరైనా ఆయన కాళ్ళు షిఫ్టు దిగలేదు. మసక మంచులో గని గేటు దాకా నడిచి, అక్కడి చాయ్ బండి దగ్గర కూర్చుని దిగేవాళ్ళను చూసి, ఎండెక్కాక ఎగశ్వాసతో వచ్చేవారు. ఆ ముందు ఏడు పుష్యంలో ఇద్దరు మనుషులు ఆయన్ని ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ఆయన దగ్గు మందులు మా ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి కాబట్టి, ప్రతి వారం మోతాదు పెరగడం మా ఇంట్లోనే మొదట తెలిసేది.

నాకు తెలిసిన పని వత్తులు చేయడం ఒకటే. పత్తి, కాసిని పాలు, విభూది పట్టుకుని పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, "కాకా, శివరాత్రికి లక్ష వత్తులు మొక్కుకున్నాను, ఒక్కదాన్నే చేయలేను," అన్నాను. మొక్కు నిజమే. ఒక్కదాన్నే చేయలేననడం అబద్ధం. దేవుడు క్షమించే ఉంటాడు. కాక కూర్చున్నారు. దుంగలు మోసిన వేళ్ళ మధ్య పత్తి పడి నలిగి, చిటికెన వేలంత వత్తి తయారైంది. తీసి వెలుగులో చూసుకున్నారు.

"ఇది దీపం వత్తా, మందుగుండు వత్తా? దీన్ని ముట్టిస్తే మీ శివుడు గూడ బయటికి ఉరుకుతడు."

చిన్నమ్మ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. మర్నాడు సైరన్ మోగగానే కాక బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళ వసారా చూరుకు ఒక సొరకాయ వేలాడుతూ ఉండేది. మా వైపు ఆనపకాయ అనేదాన్నే చిన్నమ్మ ఆనిగెపుకాయ అంటుంది. ఏటా ఒక కాయను విత్తనానికని కోయకుండా వదిలి, ముదిరాక అలా కట్టేది. ఒక రోజు గేటు నుంచి వచ్చిన కాక ఆయాసం తీర్చుకుంటూ, అలవాటు కొద్దీ చేతికర్రతో దాన్ని తట్టారు. డొల్లగా పలికింది.

ఆయన ఒక్క ఉదుటున వెనక్కి వచ్చి, వసారాలో బియ్యం ఏరుతున్న నన్నూ చిన్నమ్మనూ చెరో రెక్కా పట్టి వాకిట్లోకి గుంజారు. చేట ఎగిరిపోయింది, బియ్యం చెల్లాచెదురయ్యాయి. ముగ్గురం వాకిట్లో నిలబడి చూస్తే, చూరుకు కాయ ఒక్కటే మెల్లగా ఊగుతోంది.

"ఆనిగెపుకాయ మీద వడి సస్తమని గుంజుకొచ్చినవా?" అంది చిన్నమ్మ.

కాక ముందు సిగ్గుపడ్డారు, తర్వాత నవ్వారు, నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక దగ్గరికి వెళ్ళి ఈసారి వేలి కణుపుతో కొట్టారు. చెవి ఆనించి మళ్ళీ కొట్టారు. కాయను దించుకుని ఒళ్ళో పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి.

"ముప్పై ఏండ్ల సంది డొల్ల అంటే ఉరుకుడే ఎరుక," అన్నారు. "గీ డొల్ల ఏం జెయ్యదు. దీని కాడ కూసుండచ్చు."

నిజంగానే కూర్చున్నారు. ఆ కాయకు పైన మూతలా కోసి, ముక్కుకు తువ్వాల చుట్టుకుని లోపల గీకి శుభ్రం చేశారు. దాని మీద నేను సుద్దతో ముగ్గు చుక్కలు పెట్టాను. చెప్పులు కుట్టే ఆరెతో కాక ఒక్కో చుక్కనూ తిప్పి తిప్పి తొలిచారు. ఒక్క బొక్కకు పావుగంట. లోపల ప్రమిద పెట్టి చూస్తే నా ముగ్గు వసారా గోడ నిండా పరుచుకుంది. చిన్నమ్మ రెండు చేతులూ జోడించింది. "వచ్చే కార్తీకానికి ఇదే మా ఆకాశదీపం కాకా," అన్నాను.

అంతే, ఆయనకు తొందర పుట్టింది. తీగ మీదున్న పచ్చికాయలన్నీ కోయించి, జల్ది ఎండాలని స్నానాల నీళ్ళు కాచే పొయ్యి పక్కన పేర్చారు. రెండు పగిలాయి, మూడోది కుళ్ళి గల్లీ అంతా కంపు కొట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్న ఆయనతో చిన్నమ్మ, "గదేమన్న డ్యూటీనా, టైముకు దిగి టైముకు ఎక్కతానికి? కాయ. దాని ఇష్టమున్నప్పుడు ఎండుతది," అంది. కాక మిగిలిన ఆరు కాయల్నీ వసారాలో తాడుకు వరసగా కట్టారు.

ఆ వరసే ఆయన్ని ఇంట్లో నిలబెట్టింది. సైరన్ మోగేది, మంచం కిర్రుమనేది, దగ్గు వినపడేది. బూట్ల చప్పుడు మాత్రం వినపడేది కాదు. దాని బదులు టక్, టక్. కొంచెం ఆగి మళ్ళీ టక్, టక్. కాక శాలువా కప్పుకుని ఒక్కో కాయనూ కొట్టి వింటున్నారన్నమాట. "ఇది ఇంక పచ్చిగున్నది. ఇది మొన్నటి కన్న నయం. ఇది మొండిది." గోడ ఇవతల పొయ్యి వెలిగిస్తూ ఆ మాటలు వినడం నా ప్రార్థనలో భాగమైపోయింది. ఎండడానికి నెలన్నరకు పైనే పట్టే కాయల్ని రోజూ కొట్టి చూడాల్సిన పని లేదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

గని స్నేహితుడొకాయన, వరసకు బావ, ఒక మధ్యాహ్నం స్కూటర్ మీద వచ్చి వరస చూసి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"ఏంది బావ, గేటు కాడికి వస్తలెవ్వు? కాయలు కొట్టుకుంట కూసున్నవ్. బోనాలకు డప్పు కొడ్తానికి నేర్సుకుంటున్నవా?"

"నువ్వు గేటు కాడ కావలి ఉండు బావ. బొగ్గు బాయిని ఎవడన్న ఎత్కపోతడేమో."

"ఏం దొరుకుతది దీంట్ల?"

"కూసో, ఎరుకైతది."

బావ కూర్చున్నాడు. కాక నాలుగో షిఫ్టు అలా పెరిగింది. ఆ పేరు ఆయన పెట్టిందే. "మూడు షిఫ్టులు కంపెనీయి, జనరల్ షిఫ్టు దొరలది, గది లెక్క గాదు. గిది మనది, ఇంటోళ్లది," అనేవారు. నాలుగ్గంటలకు మొదలు, దీపాల వేళకు అయిపోయేది. నియమాలు రెండు: టీవీ బంద్, ఫోన్లు గంపలో వేసి గంప మీద చేట. ఎవరి చేతి పని వాళ్ళు తెచ్చుకోవాలి. చిన్నమ్మ పాత చీరలతో బొంత కుట్టేది, నేను వత్తులు చేసేదాన్ని. బావకు ఏ పనీ రాదు కాబట్టి అందరికీ చాయ్ కాచేవాడు. తొందరపడి చేసింది ఏదైనా కాక వేలితో తట్టి, "పచ్చిగున్నది," అని తిరిగిచ్చేసేవారు. నా వత్తులు కూడా రెండుసార్లు తిరిగొచ్చాయి. రెండోసారి ఆయన మాటే నిజం. ఆ రోజు నా మనసు ఎక్కడో ఉంది.

ఆ చలికాలంలోనే పుష్యమాసం చివర్లో ఒక పొద్దున, తొమ్మిది దాటాక సైరన్ మోగింది. ఈ ఊళ్ళో పుట్టనిదాన్ని, అయినా నాకు చేతిలో గరిటె ఆగిపోయింది. షిఫ్టు మారని వేళ సైరన్ మోగితే ఈ ఊళ్ళో ఎవరికీ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. గోడ అవతలికి పరిగెత్తాను. కాక అప్పటికే బూట్లు వేసుకున్నారు. బయట మంచు ఇంకా విడవలేదు. వీధి చివర కనపడటం లేదు. బావ స్కూటర్ వాకిట్లో ఆగింది.

"పైకప్పు కూలిందంటున్నరు. లోపల మనోళ్లున్నరు. నడువు బావ!"

చిన్నమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. అడ్డం రాలేదు. "పో. నేనేం జెప్ప," అంది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను.

కాక వాకిలి దాటారు. స్కూటర్ దాకా నాలుగడుగులు. రెండో అడుగులోనే దగ్గు పట్టుకుంది. గేటు కమ్మీ పట్టుకుని వంగిపోయారు. ఆ మంచులో ఆయన శ్వాస తీసుకునే చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఎంతసేపో తెలియదు. తర్వాత మెల్లగా నిటారుగా నిలబడి వెనక్కి తిరిగారు.

"నేనొస్తే నన్ను మోసుడుకే ఇద్దరు గావాలె. ఆడున్నోళ్లను ఎవ్వలు మోస్తరు? నువ్వు వో బావ. ఖబర్ జెయ్యి."

వసారాలోకి వచ్చి, బూట్లు విప్పకుండానే కూర్చుని, ఎండిన ఒక కాయను ఒళ్ళోకి తీసుకున్నారు. ముందు రోజు నేను పెట్టిన చుక్కలున్నాయి. ఆరె తీసుకుని తొలవడం మొదలుపెట్టారు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని జపం చేసుకున్నాను. చిన్నమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. గంపలోని ఫోను తెచ్చి ఆయన మోకాలి పక్కన పెట్టింది. దాని మీద చేట పెట్టలేదు.

మిట్టమధ్యాహ్నం అది మోగింది. బావ గొంతు మా అందరికీ వినపడేంత గట్టిగా ఉంది. "అందరు బయట వడ్డరు బావ! ఒక్కనికి గూడ ఏం గాలె. ముంగట ఉన్నోడు కొట్టి సూసిండట, డొల్లగ వలికిందట. సామాన్లు ఆడనే ఇడిసి అందరిని గుంజుకొచ్చిండు. గంతల్నే కూలింది."

"ఎవ్వలు ఇన్నది?"

"ఎవ్వలేంది, నీ చేతికింద నేర్సినోడే!"

కాక ఫోను కింద పెట్టారు. "చెవి వెట్టిండు పోరడు," అన్నారు, అంతే. చిన్నమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. అప్పుడు కాక ఒళ్ళో కాయను చూసుకున్నారు. ఒక్క బొక్కా నా చుక్క మీద పడలేదు. అన్నీ అటూ ఇటూ జరిగిపోయాయి.

"నీ ముగ్గు ఖరాబు జేసిన బిడ్డా."

"ఇది నాకివ్వండి కాకా," అన్నాను.

ఆ కాయ ఇప్పుడు మా వంటింట్లో, ఆయన నిలబెట్టిన దుంగకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. లోపల చిన్న బల్బు పెట్టాం. వెలిగిస్తే స్లాబు మీద పడే ముగ్గుకు ఏ పేరూ లేదు. మా నాయనమ్మ చూస్తే చెరిపి మళ్ళీ వేయమనేది. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా ఆ పూట ఇళ్ళకు తిరిగి వచ్చిన వాళ్ళంతా గుర్తొస్తారు.

ఉగాది నాడు పొద్దున్నే కాక కొత్త చొక్కా వేసుకుని మా వంటింట్లోకి వచ్చారు. ముందు స్లాబు చూశారు. దుంగను తట్టారు. పచ్చడి చేతిలో పోస్తే నాకి, "ఉగాది గూడ సూసిన. పెద్ద డాక్టర్‌కు జెప్పున్రి," అన్నారు మా ఆయనతో. ఆ తర్వాత ఆయన ఇంకో నాలుగు ఉగాదులు చూశారు. అయిదు చలికాలాలు సైరన్ మోగినప్పుడల్లా శాలువా కప్పుకుని కాయలు కొట్టారు. ఆకాశదీపాలు ఇప్పుడు మా గల్లీలో పదకొండు ఇళ్ళకున్నాయి. చివరికి చలి ఆయన్ని తీసుకుపోలేదు. ఎండాకాలం మధ్యాహ్నం నిద్రలో, బూట్లు లేకుండా, నెమ్మదిగా వెళ్ళిపోయారు.

వెళ్ళే ముందు మాఘంలో ఆయన తాడుకు కట్టిన ఆఖరి కాయ ఒకటి ఉంది. అప్పుడు నేను తొందరపడి ఎప్పుడు తొలుద్దామని అడిగితే, కొట్టి విని, "ఇంక పచ్చిగున్నది. దాని పని దాన్ని జేసుకోనియ్యి," అన్నారు. ఆయన పోయాక చిన్నమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రాలు వసారాలోకి రావడమే మానేసింది. బొంత సగం కుట్టి మడతపెట్టేసింది. నాలుగో షిఫ్టు ఆగిపోయింది.

ఇవాళ కోయని కాయ సంగతి చెబుదామని నాలుగ్గంటలకు గోడ అవతలికి వెళ్ళాను. పొద్దున టక్ టక్ మన్న చప్పుడు ఆవిడకూ వినపడిందట.

"పొద్దుగాల కాయ గొట్టింది నువ్వేనా? నేను మంచం మీద లేసి కూసున్న. మీ కాకనే అనుకున్న," అంది. కాసేపటికి స్టూలు తెచ్చి, ఎక్కి, తాడు విప్పి ఆ ఆఖరి కాయను దించింది. కొంగుతో దుమ్ము తుడిచి నా ఒళ్ళో పెట్టింది.

"కొట్టు బిడ్డా. ఏమంటదో సూద్దాం."

వేలి కణుపుతో కొట్టాను. నిండుగా, లోతుగా, డొల్లగా పలికింది.

ఇద్దరమూ ఒకేసారి తలెత్తి పైకప్పు చూశాం. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చిన్నమ్మ నవ్వింది, ఏడు నెలల తర్వాత. లోపలికి వెళ్ళి ఆరె, సుద్ద ముక్క, మడతపెట్టిన బొంతా తెచ్చింది. నా చేతిలోని ఫోను తీసుకుని గంపలో వేసి, దాని మీద చేట బోర్లించింది.

"చుక్కలు వెట్టు," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "జల్ది ఏం లేదు."